ఇనుప బల్ల మీద సమానత్వం

అన్నం ఎలా తినాలో నేర్చుకుని రమ్మని మా భిలాయి ఉక్కు ప్లాంటు వాళ్ళు మనుషుల్ని కార్ల ఫ్యాక్టరీకి పంపిన రోజులున్నాయి. వెటకారానికి అనడం లేదు. ఎనభైల మధ్యలో ఉత్తరాదిన ఒక పెద్ద కార్ల ఫ్యాక్టరీ పేరు భిలాయి మేనేజర్ల నోట మంత్రంలా తిరిగేది. అక్కడ పెద్ద సాహెబూ, నట్టు బిగించేవాడూ ఒకే రంగు చొక్కా వేసుకుంటారట. ఒకే కాంటీనులో ఒకే వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడతారట. పొద్దున్నే అందరూ కలిసి చేతులు పైకెత్తి కిందికి దించుతారట. అందుకే అక్కడ పని అంత బాగా సాగుతోందట. అక్కడి యంత్రాలు కొత్తవన్న సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. కిటుకంతా చొక్కా రంగులో ఉందని తేల్చేసి, దానికి పని సంస్కృతి అని పేరు పెట్టారు.

అప్పటికి నేను మెషిన్ షాపులో ఫోర్‌మన్‌ని. రోలింగ్ మిల్లుల్లో అరిగిపోయిన భాగాల్ని మళ్ళీ చెక్కి పంపడం మా పని. మా షాపు నుంచి ఆ కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చినవాడు నా కింద పనిచేసే చార్జ్‌మన్. అతను మా ఊరివాడే. అతని గురించి చెప్పాలంటే మా ఇంటి గురించి కొంత చెప్పక తప్పదు. అది నాకు ఇష్టమైన పని కాదు కనుక తొందరగా ముగిస్తాను.

విజయనగరం వైపు మాది ఒక చిన్న ఎస్టేటు. ఎస్టేట్లు రద్దయినప్పుడు కొంత సర్కారు తీసుకుంది. మిగిలినదాన్ని మా నాన్నా, ఆయన తమ్ముళ్ళూ ఒకరి మీద ఒకరు దావాలు వేసుకుని వకీళ్ళకు అప్పజెప్పారు. చివరికి వంటింటి మధ్యలో గోడ కట్టుకున్నారు. పొయ్యి అటు పడింది, నీళ్ళ గోలెం ఇటు పడింది. నాకు వారసత్వంగా వచ్చింది నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే. పీట మీద వంగి కూర్చున్న పిల్లవాడి వీపు మీద మా నాయనమ్మ విసనకర్ర కాడతో పొడిచేది. ఆస్తి లేకపోతే నడుమైనా ఉండాలనేది ఆవిడ.

చార్జ్‌మన్ తండ్రి మా గాదెల దగ్గర కాపలా ఉండేవాడు. గాదెలు ఖాళీ అయిన తరవాత కూడా కొన్నాళ్ళు కాపలా ఉన్నాడు.

డెబ్భైల మొదట్లో మేమిద్దరం ఒకే బ్యాచిలో ట్రైనీలుగా భిలాయిలో చేరాం. నేను రాజుల ఇంటి నుంచి, అతను గాదెల పక్క పాక నుంచి. ఇద్దరికీ ఒకే నీలం చొక్కాలిచ్చారు. అప్పుడు దాన్ని ఎవరూ సంస్కృతి అనలేదు, చొక్కా అన్నారు.

ఆ రోజుల్లో ట్రైనింగంటే ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. ముక్కను బిగించి నాలుగు మూలలూ సరిగ్గా వచ్చేదాకా రాయాలి. నేర్పేవాడు పంజాబీ ఉస్తాదు. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవాడు. సందులోంచి వెలుతురు కనిపించిందంటే ముక్కను తుక్కు డబ్బాలోకి విసిరి, “ఔర్ ఏక్”, ఇంకోటి అనేవాడు. అంతకుమించి ప్రోత్సాహం లేదు. నా అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, చివరికి చెప్పు తోలులాగా తయారయ్యాయి. నా ముక్కలోంచి వెలుతురు రావడం మానేసిన రోజున కూడా ఉస్తాదు మెచ్చుకోలేదు. ఇంకో రకం ముక్క ఇచ్చాడు. నేను గౌరవించిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

మొదటి వారంలోనే ఆయన నా చేతికి చీపురిచ్చాడు. రోజూ ఒకరు చొప్పున ఇనుప పొట్టు ఊడవాలి. నేను ఊడవడానికే తీసుకున్నాను. నడుము వంచకుండా ఎలా ఊడవాలో ఆలోచిస్తున్నానేమో, ఇంతలో మా కాపలావాడి కొడుకు అవతలి బెంచీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి చీపురు లాక్కున్నాడు.

“బాబూ, మీరొగ్గీయండి. నాను తుడిసీస్తాను.”

ఉస్తాదుకు తెలుగు రాదు గాని, జరిగింది అర్థమైంది. “యే రాజా హై క్యా? తూ ఇస్‌కా నౌకర్ హై?” అని అడిగాడు. వీడు రాజా, నువ్వు వీడి నౌకరా అని. ఇతను చీపురు వెనక దాచుకుని తల వంచుకున్నాడు. ఉస్తాదు ఆ చీపురు లాగి మళ్ళీ నాకే ఇచ్చాడు. నేను ఊడ్చాను. ఆ రోజు నుంచి షాపులో నా పేరు రాజా సాబ్ అయింది. మొదట ఎగతాళికి పిలిచారు, తరవాత అలవాటుగా పిలిచారు. నేను రెండింటికీ ఒకేలా పలికాను.

పదేళ్ళు దాటేసరికి నేను ఫోర్‌మన్‌నయ్యాను, అతను చార్జ్‌మన్ అయ్యాడు. అతనికి క్యాంప్ 2 బస్తీలో బావమరిది ఇంటి పక్క గది పోయి టౌన్‌షిప్ సెక్టారులో క్వార్టరు వచ్చింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళు తెలుగు కంటే హిందీ బాగా మాట్లాడేవారు. అతను మంచి పనివాడు, మాట కలుపుగోలు. కుర్రాళ్ళకు ఓపికగా నేర్పేవాడు. నాకు ఆ ఓపిక లేదు, ఉస్తాదు దగ్గర నేర్చుకున్నవాణ్ణి కదా. ఆఫీసరు కావాలని అతనికి కోరిక. డిపార్ట్‌మెంటు ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు దగ్గర తడబడి వెనక్కి వచ్చేవాడు. అందుకే కార్ల ఫ్యాక్టరీకి ఎవరు వెళ్తారని అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

తిరిగొచ్చాక మనిషి వెలిగిపోతున్నాడు. మా షాపు మేనేజరు కాన్పూరు వైపు మనిషి. చార్జ్‌మన్‌ని ఒక పెట్టె మీద నిలబెట్టి ఉపన్యాసం ఇప్పించాడు. అతను చూసినదంతా చెప్పాడు. అక్కడ ఎవరి సీటూ ఎవరిది కాదు. ముందొచ్చినవాడు ముందు కూర్చుంటాడు. పెద్ద సాహెబు వచ్చినా తినేవాడు లేవడు.

“అక్కడ అందరూ ఒకటే బల్ల మీద తింతారు. ఎవులూ ఎవులికీ లెగరు,” అన్నాడు మావాళ్ళ వైపు తిరిగి తెలుగులో. “సూడండి, బాగుంటాది గదా?”

క్రేన్ ఆపరేటరు టెక్కలి వైపువాడు. నోరు జాస్తి. కింద నిలబడి, “ఏటి గురూజీ, నువ్వక్కడ వారాలకు వారాలు నేర్సుకున్నది కూకోడమేటి? మా గుంటడు ఆర్నెల్లకే నేర్సీసినాడు,” అన్నాడు.

అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ రోజు నుంచి అతని పేరు గురూజీ.

తరవాత వచ్చినదాన్ని నేను పండగ అనేవాణ్ణి. గోడ మీద ‘మనమంతా ఒకే కుటుంబం’ అని హిందీలో రాయించారు. ఆ మాట చూసినప్పుడల్లా నాకు వంటింటి మధ్య గోడ గుర్తుకొచ్చేది. ఆ రాత రాయించినవాడు కుటుంబం అనేదాన్ని ఎన్నడూ దగ్గర్నుంచి చూసి ఉండడు. అందరికీ బూడిద రంగు గుడ్డ ఇచ్చారు, ఒకే రంగు. వారం తిరిగేసరికి ఆఫీసర్ల గుడ్డ టెరికాటన్ అనీ, మాది ముతక డ్రిల్లు అనీ అందరికీ తెలిసిపోయింది. సివిక్ సెంటర్ దర్జీ ఆఫీసర్ల చొక్కాలకు భుజాల మీద పట్టీలు కుట్టాడు. అడిగితే, వాళ్ళే అడిగారన్నాడు. పొద్దుటి కసరత్తు వర్షాలు రాకముందే ఆగిపోయింది. రెండో షిఫ్టు వాళ్ళు మేమెందుకు చెయ్యాలన్నారు, మూడో షిఫ్టు వాళ్ళు నిద్రపోతూ చేశారు.

బల్ల మాత్రం మిగిలింది. దాని సంగతి విడిగా చెప్పాలి.

కాంటీనులో ఉన్నవి చిన్న చిన్న చెక్క బల్లలు. పదిమంది ఒక పక్కన, పదిమంది ఒక పక్కన కూర్చునేటట్టు ఒకే పొడుగాటి బల్ల కావాలన్నారు. చెక్క కొనాలంటే నెలలు పడుతుంది. మేం ఉక్కు చేసేవాళ్ళం, ప్లేటు మా చేతి కింద ఉంది. పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు తీసి కోశారు. రైలు పట్టాల ముక్కలు కాళ్ళుగా నిలబెట్టి వెల్డింగ్ చేశారు. లారీ ఎక్కించినా కుంగనంత బలంగా తయారైంది. తయారైన తరవాత అది కాంటీను తలుపులోంచి పట్టదని చూసుకున్నారు. కొలతలు తీసేవాళ్ళ షాపు మాది. బల్ల కొలిచారు, తలుపు కొలవలేదు. చివరికి క్రేన్‌తో ఎత్తి షాపులోనే ఒక మూల, రేకుల కప్పు కింద దించారు. కాంటీను నుంచి భోజనం అక్కడికే తెచ్చేవారు.

అది ఏప్రిల్. భిలాయి ఏప్రిల్ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్తాను. మధ్యాహ్నం ఆ బల్ల మీద మోచెయ్యి పెట్టినవాడు రెండోసారి పెట్టలేదు. “రొట్టెలు కాంటీను నించి పచ్చివి తెప్పించీయండి, ఇక్కడ కాల్చుకుందుం,” అన్నాడు క్రేన్ ఆపరేటరు. అప్పుడు గోనెసంచులు తడిపి బల్ల నిండా పరిచారు. సమానత్వం చల్లబడింది. తడి గోనె వాసనలో పప్పు వాసన ఎవరికీ తెలియలేదు.

కొత్త సంస్కృతి చూడటానికి హెడ్డాఫీసు నుంచి పెద్ద సాహెబు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మా బల్ల దగ్గర కూర్చుని తింటాడు. ట్రైనింగ్ ఆఫీసరు పోస్టు ఒకటి కొత్తగా ఇస్తున్నారు. దానికి పేర్లు రెండు వెళ్ళాయి. ఒకటి గురూజీది, రెండోది నందిని సున్నపురాయి గనుల్లో పనిచేసే ఒక మనిషిది. అతను కూడా ఆ కార్ల ఫ్యాక్టరీ చూసొచ్చినవాడే. ఈసారి ఇంగ్లీషు అడగరు, చేసి చూపించినదాన్ని బట్టే ఇస్తారని మేనేజరు గురూజీకి స్పష్టంగా చెప్పాడు. అతనికి నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. ఇలాంటి ఇంగ్లీషు లేని అవకాశం ఇంకోసారి రాదని అతనికి తెలుసు, మాకూ తెలుసు.

ముందుగా ఒక రిహార్సల్ పెట్టారు. భోజనానికి రిహార్సలేమిటని నేను అడగలేదు. ఆ కాలంలో అడగడం మానేశాను. వచ్చిన వరుసలో అందరూ కూర్చున్నారు. నేను ఒక లేత్ ఆపించి రావడంతో ఆలస్యమైంది. ఖాళీ ఉన్నది గురూజీకి ఎదురుగా ఉన్న ఒక్క చోటే. నేను బెంచీ దాటడానికి కాలు ఎత్తానో లేదో, అతను లేచి నిలబడ్డాడు. చేతిలో తుంచిన రొట్టె ముక్క ఉంది.

“బైఠో భాయీ, బైఠో,” అన్నాడు మేనేజరు.

కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. మళ్ళీ లేచాడు. ఈసారి తనకు తెలియకుండానే లేచినట్టున్నాడు. లేచిన సంగతి మా మొహాలు చూసి తెలుసుకున్నాడు. అందరూ చూస్తున్నారు. క్రేన్ ఆపరేటరు నోట్లో ముద్ద పెట్టుకుని, “గురూజీ, ఆ కార్లోళ్ళు నీకు సగం పాటమే సెప్పినారేటి? కూకున్నాక కూకునే ఉండాలని సెప్పలేదా?” అన్నాడు.

అతను అలా లేవడం నాకు కొత్త కాదు. చేరిననాటి నుంచీ నేను కనిపిస్తే లేచేవాడు. షాపులో ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు కనుక అది ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు మేనేజర్లు అందర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి దాన్ని బయటపెట్టారు. అందర్నీ సమానం చేసే బల్ల చేసిన మొదటి పని అది.

మర్నాడు మళ్ళీ అదే జరిగింది. మేనేజరు భోజనం వదిలి అతన్ని పక్కకు పిలిచాడు. నాకు వినిపించేటంత గట్టిగానే అన్నాడు. ఎవరూ ఎవరికీ లేవకూడదని నేర్పేవాడివి నువ్వే లేస్తే పెద్ద సాహెబుకి ఏం చూపించను, ఆ రోజు ఇలా చేస్తే పోస్టు నందిని వాడిదే, నేను అడ్డుపడను అని. తరవాత నా దగ్గరికి వచ్చి, “రాజా సాబ్, ఆప్ భీ కుచ్ సమ్‌ఝాయియే ఉస్‌కో,” అన్నాడు. మీరైనా కాస్త నచ్చజెప్పండి అని. నా ముందు లేవవద్దని నేనే అతనికి నచ్చజెప్పాలట. ఇంతటి ఆలోచన రావడానికి మనిషి ఎంత పెద్ద చదువు చదవాలో.

ఆ సాయంత్రం గురూజీ రుఆబాంధా సెక్టారులో మా క్వార్టరుకు వచ్చాడు. నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. అతను గేటు లోపల సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది.

“కూర్చో బాబూ, ఎంతసేపు నిలబడతావు?”

“పరవానేదమ్మా. నాను ఎల్లిపోతాను.”

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అతను సైకిలు బెల్లు మీద మట్టి గోటితో గీకుతున్నాడు.

“ఏమిటి సంగతి?” అన్నాను.

“బాబూ, మరేటనుకోకండి. ఆ పెద్ద సాయిబు వొచ్చే రోజున మీరు సెలవెట్టీగలరా?”

“ఎందుకు?” అన్నాను.

“నాను శానా పెయత్నం సేసినాను. ఇంటికాడ ఆడదాన్ని ఎదర నిలబెట్టి, మీరొచ్చినట్టు రమ్మని సెప్పి, కూకుని సూసినాను. దాని ముందు బాగానే కూకుంతాను. మీరొస్తే కాళ్ళు లెగిసిపోతన్నాయి. నామాట ఇనవు.”

“నేను ఏ రాజ్యం ఏలుతున్నానని లేస్తున్నావు?” అన్నాను. “ఇది మా ఊరు కాదు. నువ్వు నాకేమీ బాకీ లేవు.”

“బాకీ మాట గాదు బాబూ. మా అయ్య కూకోలేదు, నాను సూడలేదు. అంతే.”

“మీ నాన్న మా వాళ్ళ ముందు ఎన్నడూ కూర్చోలేదా?”

అతను కాస్త ఆలోచించాడు. “కూకున్నాడు. దొడ్లో బంతి యేసినప్పుడు కూకునేవోడట. మీ తాతగోరు నిలబడి నెయ్యి ఒడ్డించీవోరట. ఆయన నిలబడుంటే ఈలు కూకునేవోలు. మా అయ్య అదే సెప్పీవోడు, ఎప్పుడూ.”

అది నిజమే. మా ఇంట్లో పెద్ద పనులప్పుడు దొడ్లో పాలేర్లకూ కాపలావాళ్ళకూ వేరే బంతి వేసేవారు. అది మా బంతి కాదు. దానిలో సమానత్వం ఏమీ లేదు, ఉందని ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాని మా తాత నెయ్యి గిన్నె పట్టుకుని చివరి విస్తరి దాకా వంగి వడ్డించేవాడు. ఆఖరివాడు చెయ్యి కడుక్కున్నాక గాని ఆయన లోపలికి వెళ్ళి తినేవాడు కాదు. పెట్టేవాడు ముందు తినకూడదు, అంతే సూత్రం. మా మేనేజరు ఆ బల్ల దగ్గర అందరికంటే ముందు పళ్ళెం ఖాళీ చేసేవాడు.

టీ వచ్చింది. అతను నిలబడే తాగాడు.

“నేను సెలవు పెట్టను,” అన్నాను.

“అలగే బాబూ,” అని కప్పు గచ్చు మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు సైకిలు ఎక్కకుండా వీధి మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్ళాడు. అదీ పాత అలవాటే. మా ఇంటి ముందు ఎవరూ ఏదీ ఎక్కి వెళ్ళేవారు కాదు.

“ఒక్క పూట సెలవు పెడితే మీ సొమ్మేం పోయింది?” అంది మా ఆవిడ లోపల్నుంచి.

“ఎవడో తిండి తింటున్నాడని నేను ఇంట్లో దాక్కోను,” అన్నాను.

పెద్ద సాహెబు వచ్చిన రోజు గోనెసంచుల మీద తెల్లదుప్పట్లు పరిచారు. గోనె తడికి ప్లేటు తుప్పు దుప్పట్లలోకి ఎక్కి, భోజనం వేళకు అక్కడక్కడ ఎర్రమరకలు తేలాయి. మేనేజరు ఆ మరకల మీద ఉప్పు గిన్నెలూ పచ్చడి సీసాలూ పెట్టించాడు. ఇంకో మరక తేలితే ఇంకో గిన్నె. చివరికి బల్ల మీద మనుషుల కంటే ఉప్పు గిన్నెలు ఎక్కువయ్యాయి. ఫోటోగ్రాఫరు ఒక స్టూలెక్కి నిలబడ్డాడు.

పెద్ద సాహెబు వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. లేవకుండా ఉండటానికి అందరూ బెంచీ అంచు పట్టుకున్నారు. ఆయనకు మధ్యలో చోటు వదిలారు. ముందొచ్చినవాడు ముందు కూర్చునే బల్ల దగ్గర ఆయన చోటు మాత్రం ముందే తుడిచి ఉంచారు. గురూజీ ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. నున్నగా తల దువ్వుకున్నాడు. కళ్ళు మాత్రం నేను రావలసిన వైపే ఉన్నాయి. అతని పక్కన ఒక ఖాళీ ఉంది. అది నాది.

నేను దూరం నుంచే చూశాను. కూర్చుంటే అతను లేస్తాడు, లేస్తే అతని పోస్టు పోతుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం సెలవు పెట్టడంతో సమానం. మిగిలింది నిలబడటం. ఉత్త చేతులతో నిలబడితే నౌకరులా ఉంటుంది. చేతిలో గరిటె ఉంటే ఇంటి యజమానిలా ఉంటుంది. నాకు తెలిసిన మర్యాదలు ఎక్కువ లేవు గాని, ఇది మాత్రం బాగా తెలుసు.

కాంటీను మనిషి ఛత్తీస్‌గఢీవాడు, పప్పు బకెట్టుతో వస్తున్నాడు. బకెట్టు అడిగాను. “ఆప్ కాహే సాహెబ్?” మీరెందుకు అని బకెట్టు వదల్లేదు. “ఛోడో,” అని తీసుకున్నాను.

బల్ల చివర్నుంచి మొదలుపెట్టాను. క్రేన్ ఆపరేటరు పళ్ళెం అడ్డం పెట్టబోయి, నా మొహం చూసి తీసేశాడు. నేను దగ్గరికి వస్తుంటే గురూజీ మోకాళ్ళు లేవడానికి కదిలాయి. నేను చూశాను. బెంచీ మీద నుంచి సగం దాకా లేచాడు. అప్పుడు నా చేతిలో బకెట్టు చూశాడు. గరిటె చూశాడు. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. మొహం నా వైపు ఎత్తలేదు, పళ్ళెం కాస్త ముందుకు జరిపాడు. పప్పు పోశాను.

“ఇంకొంచెం?” అన్నాను.

“సాలు బాబూ,” అన్నాడు. అన్నం కలుపుకుని తిన్నాడు. నేను ఆ పక్కనే నిలబడ్డాను, అతను తింటూనే ఉన్నాడు. తింటూనే పెద్ద సాహెబు అడిగినవాటికి జవాబులు చెప్పాడు. ఆ కార్ల ఫ్యాక్టరీలో చూసినవీ, ఇక్కడ కుర్రాళ్ళకు నేర్పాలనుకుంటున్నవీ హిందీలో నదురూ బెదురూ లేకుండా చెప్పాడు. బాగా చెప్పాడు. అతనికి చెప్పడం వచ్చని నాకు ఎప్పుడూ తెలుసు.

పెద్ద సాహెబుకి వడ్డించే వంతు వచ్చింది. ఆయన తల ఎత్తి చూసి మేనేజర్ని అడిగాడు, ఈయన ఎవరని. మా ఫోర్‌మన్ అన్నాడు మేనేజరు. తనకు తెలియని సంగతి తన షాపులో జరుగుతుంటే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది అతని మొహం.

“ఫోర్‌మన్ వడ్డిస్తున్నాడా? ఇది కార్ల ఫ్యాక్టరీలో కూడా లేదే. ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నాడు పెద్ద సాహెబు.

“మా ఇంట్లో,” అన్నాను.

ఆయన చాలా సంతోషించాడు. గోడ మీద రాత వైపు చెయ్యి చూపించి, చూడండి, అచ్చంగా కుటుంబమే అన్నాడు. మేనేజరు మొహం కూడా విప్పారింది. అప్పటికప్పుడే ఆ ఆలోచన తనదైపోయింది. పెద్ద సాహెబు చెవి దగ్గర వంగి ఏదో వివరించడం మొదలుపెట్టాడు. ఫోటోగ్రాఫరు నన్ను గరిటెతో సహా తీశాడు. బకెట్టు పట్టుకుని వడ్డించేవాడు వంగక తప్పదు. నా జీవితంలో నడుము వంగి ఉన్న ఫోటో అదొక్కటే. దాన్నే వాళ్ళు నోటీసు బోర్డులో అంటించారు.

అందరూ తిని లేచాక నేను కూర్చుని తిన్నాను. పప్పు చల్లారింది. గోనె వాసన అలాగే ఉంది.

గురూజీకి ట్రైనింగ్ ఆఫీసరు పోస్టు వచ్చింది. నందిని మనిషికి రాలేదు. అతను ఎవరో నాకు తెలియదు, మంచివాడే అయి ఉంటాడు. ఆ నెలలోనే ఒక ఆర్డరు దిగింది. ప్రతి శనివారం ఫోర్‌మన్లూ మేనేజర్లూ వంతుల వారీగా కార్మికులకు వడ్డించాలని. మా మేనేజరు వంతు వచ్చిన శనివారం ఒక గరిటె పప్పు ఒకడికి పోసి, ఫోటో అయ్యాక బకెట్టు కాంటీను మనిషికి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. రెండో శనివారానికి ఫోటోగ్రాఫరు రాలేదు, కనుక మేనేజర్లూ రాలేదు. వానలు పడేసరికి ఆ ఆర్డరు సంగతి ఎవరూ ఎత్తడం మానేశారు. బల్లను తరవాత గ్యాసుతో కోసి తుక్కులో వేశారు. కొలిమిలో కరిగి మళ్ళీ ప్లేటై ఉంటుంది. ఆ పథకం మొత్తంలో మళ్ళీ పనికొచ్చింది అదొక్కటే.

గురూజీ మంచి ట్రైనింగ్ ఆఫీసరయ్యాడు. కుర్రాళ్ళు అతనంటే ఇష్టపడేవారు. అతనిప్పుడు నాకంటే పై మెట్టు. నేను అతనికి లేవాలి, అది రూలు. షాపులోకి అతను వస్తే నేను లేచేవాణ్ణి. నేను లేవడం చూసి అతను ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఇద్దరం నిలబడి పని మాట్లాడుకుని వెళ్ళిపోయేవాళ్ళం. చూసేవాళ్ళకు ఇద్దరికీ గొప్ప క్రమశిక్షణ ఉందనిపించేది.

పండగలకూ, పిల్లలు పరీక్షలు పాసైన రోజులకూ మిఠాయి పొట్లంతో రుఆబాంధాకు వచ్చేవాడు, స్కూటరు వీధి మలుపులో ఆపి నడుచుకుంటూ. గేటు చప్పుడు కాగానే నేను కుర్చీలోంచి లేచి వరండా స్తంభం దగ్గర నిలబడేవాణ్ణి. మా ఆవిడ అతనికి కుర్చీ వేసేది. నేను నిలబడి ఉంటే అతను కూర్చునేవాడు. టీ తాగేవాడు, ఆ ఊరి సంగతులూ ఈ ఊరి సంగతులూ చెప్పేవాడు. ఒక్కోసారి గంటసేపు ఉండేవాడు.

“వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మీరు అలా నిలబడితే, ఎప్పుడు వెళ్తావని అడిగినట్టు ఉంటుంది,” అని మా ఆవిడ దెప్పేది.

ఆవిడకు నేను వివరించలేదు. నిలబడటం నాకు కష్టం కాదు. మా ఇంట్లో అందరి నడుములూ నిటారే.